చక్రాల ఇంట్లో ఏడాది: పదవీ విరమణ తర్వాత కలిసి తిరగడం, కలిసి తినడం ఎలా

ఏడాదికి 365 రోజులు, రోజుకు మూడు పూటలు. మంచం, వంటగది లోపలే ఉన్న వాహనంలో, అంటే మోటార్‌హోమ్‌లో ఏడాది గడపాలనుకున్న దంపతులు 1,095 సార్లు ఒకే చిన్న బల్లకు చెరోవైపు కూర్చుంటారు. ఉద్యోగాలున్నన్నాళ్లూ ఒకరు తినే వేళకు ఇంకొకరు బయలుదేరిపోయి, సెలవు రోజున మాత్రమే కలిసి కంచాల ముందు కూర్చున్న ఇద్దరికి ఇది చిన్న మార్పు కాదు. చూడబోయే కొండల గురించి, వెళ్లబోయే దారుల గురించి, డీజిల్ ఖర్చు గురించి నెలల తరబడి మాట్లాడుకునేవాళ్లు కూడా ఈ 1,095 పూటల గురించి ఒక్క సాయంత్రమైనా ఆలోచించరు. మేమూ ఆలోచించలేదు. అందుకే ఇప్పుడు ఎవరు సలహా అడిగినా భోజనాల బల్ల దగ్గరే మొదలుపెడతాను. వాహనం, బరువు, గ్యాసు, నీళ్లు, మందులు, ఇరుగుపొరుగు అన్నింటినీ ఆ బల్ల చుట్టూనే అమర్చుకోండి.

కొనే ముందు అందులో వండి చూడండి

ముందుగా కనీసం పది రోజులు అద్దె వాహనంలో ఉండండి. మంచి వాతావరణం చూసి ఎంచుకోకండి. రెండు రోజులైనా వాన పడే కాలంలో వెళ్లండి. తలుపు తెరవడానికి వీల్లేక, తడి బట్టలు లోపలే ఆరేసుకుని, ఆ పక్కనే వండుకున్న రోజున ఆ వాహనం మీకు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది.

ఆ పది రోజుల్లో ఈ సంగతులు గమనించండి. ఒకరు పొయ్యి దగ్గర నిలబడి ఉండగా మరొకరు వెనక నుంచి దాటగలరా? మీ పెద్ద గిన్నె తొట్టిలో పట్టి, కుళాయి కింద తిరుగుతుందా? కూరగాయలు తరిగే పలక పెట్టడానికి జాగా ఉందా, లేక పొయ్యి మూత మీదే తరగాలా? మెట్టు ఎంత ఎత్తుంది, ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి గట్టి పిడి ఉందా? మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఈ చివరి ప్రశ్న ఇంజన్ శక్తి కంటే ముఖ్యం.

మంచం విషయంలో నా అభిప్రాయం గట్టిది. రాత్రి కాగానే భోజనాల బల్లను దించి మంచంగా మార్చుకునే అమరిక చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ధర కూడా తగ్గుతుంది. ఏడాది ప్రయాణానికి మాత్రం అది వద్దు. ఇద్దరిలో ఒకరికి నిద్ర ముంచుకొస్తే రెండోవారి భోజనం, పుస్తకం, కబుర్లు అన్నీ ఆ క్షణంలోనే ముగిసిపోతాయి. బల్ల బల్లగానే ఉండాలి, మంచం మంచంగానే ఉండాలి. ఒకరు రాత్రి లేవాలంటే మరొకరి మీదుగా దాటాల్సిన మంచమైతే అదీ వదులుకోండి. ఈ వయసులో రాత్రి రెండుసార్లు లేవడం మామూలే.

ఇద్దరూ నడపడం నేర్చుకోవాలి. ఒకరే నడిపే ఇంట్లో, ఆ ఒకరికి జ్వరం వస్తే ఇల్లు దారిలోనే ఆగిపోతుంది. వెనక్కి తీయడం, చిన్న మలుపు తిప్పడం, పక్క అద్దాలు చూసి దూరం అంచనా వేయడం ఖాళీ మైదానంలో ఇద్దరూ అలవాటు చేసుకోండి. వాహనం ఎత్తు, వెడల్పు ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. తక్కువ ఎత్తు వంతెన ఎదురైనప్పుడు గుర్తు తెచ్చుకునే వ్యవధి ఉండదు.

తూకం వేయించండి

ప్రతి వాహనానికీ మోయగలిగిన గరిష్ఠ బరువు ఉంటుంది. అది దాని పత్రాల్లోనూ, వాహనం మీద అతికించిన ఫలకం మీదా రాసి ఉంటుంది. కొన్ని దేశాల్లో సాధారణ లైసెన్సుతో 3,500 కిలోల వరకే నడపనిస్తారు కాబట్టి చాలా మోటార్‌హోమ్‌లను ఆ హద్దులోనే తయారు చేస్తారు. వాహనం సొంత బరువు, మీ ఇద్దరి బరువు, డీజిల్, గ్యాసు తీసేస్తే సామానుకు మిగిలేది మీరనుకున్న దానికంటే బాగా తక్కువ. నీళ్ల సంగతే చూడండి. లీటరంటే కిలో. నూరు లీటర్ల ట్యాంకు నింపితే ఇంకో మనిషిని ఎక్కించుకున్నట్టే.

అన్నీ సర్దాక, ట్యాంకులు నింపి, ఇద్దరూ లోపల కూర్చుని వేబ్రిడ్జి (లారీలను తూచే కాటా) మీద తూకం వేయించండి. మొత్తం బరువుతో పాటు ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా చూడమనండి. మొత్తం సరిగానే ఉన్నా వెనక ఇరుసు మీద భారం మించిపోవడం సాధారణంగా జరిగేదే. తగ్గించాల్సి వస్తే బట్టల దగ్గర మొదలుపెట్టండి. ఇద్దరికీ వారం రోజుల బట్టలు చాలు.

తూకంతో పాటే టైర్లు చూడండి. మోటార్‌హోమ్ టైర్లు తిరిగి అరిగేకంటే ముందే నిలిచి పాడవుతాయి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 3521 అని ఉంటే అది 2021లో 35వ వారం తయారైందని అర్థం. గీతలు లోతుగానే కనిపిస్తున్నా ఏళ్లు మీరిన టైరును నమ్మకండి.

వంట సామాను: ఆరు కంచాలు

ఒక ప్రెషర్ కుక్కర్, ఒక లోతైన గిన్నె, ఒక బాణలి, మూతలు, రెండు మంచి కత్తులు, ఒక పలక. ఇంతకు మించి వద్దు. గాజు సామాను ఇంట్లోనే ఉంచేయండి. గతుకుల దారిలో అది పగలకపోయినా రోజంతా చేసే చప్పుడు మనసును అలసటపెడుతుంది. బియ్యం, పప్పులు, పిండ్లు, మసాలాలకు చదరపు డబ్బాలు తీసుకోండి. గుండ్రటి డబ్బాల మధ్య ఖాళీలు మిగిలి జాగా వృథా అవుతుంది.

కుక్కర్ తప్పనిసరి అని ఎందుకంటున్నానో చెప్పాలి. అది గ్యాసును ఆదా చేస్తుంది, గదిలోకి వచ్చే ఆవిరిని తగ్గిస్తుంది. ఎత్తైన ప్రాంతాల్లో అయితే అది లేకుండా పప్పు ఉడకదు. సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల వద్ద మరిగే నీరు 3,000 మీటర్ల ఎత్తున దాదాపు 90 డిగ్రీలకే మరిగిపోతుంది. ఎంతసేపు మరిగించినా వేడి అంతకు మించదు. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల నీరు 120 డిగ్రీల దరిదాపుల వరకు వేడెక్కుతుంది. మూత రబ్బరు ఒకటి అదనంగా పెట్టుకోండి. అది ఎక్కడ పడితే అక్కడ దొరకదు.

కంచాలు, గిన్నెలు, చెంచాలు మాత్రం ఆరు చొప్పున తీసుకెళ్లండి. రెండు మీకు, నాలుగు ఇంకా పరిచయం కాని మనుషులకు. బరువు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు ఆ నాలుగు కంచాలే ముందుగా కళ్లబడతాయి. వాటిని తీసేయకండి.

గ్యాసు, నిప్పు, గాలి

ఈ భాగాన్ని ఇద్దరూ కలిసి చదవండి. ఒకరికి తెలిస్తే చాలదు.

సిలిండర్లలో వచ్చే గ్యాసు ప్రధానంగా రెండు రకాలు. బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరి అవుతూనే ఉంటుంది. చలి ప్రాంతంలో తెల్లవారుజామున, సిలిండర్ బరువుగానే ఉన్నా పొయ్యి వెలగలేదంటే లోపల బ్యూటేన్ ఉండి ఉండవచ్చు. చలికాలంలో తిరిగేటట్లయితే ప్రొపేనే తీసుకోండి.

ఈ గ్యాసు గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పేరుకుంటుంది. అందుకే తయారీదారులు వాహనం నేలలో గాలి రంధ్రాలు పెడతారు. చల్లగాలి వస్తోందని వాటి మీద చాప పరవడం, గుడ్డ కుక్కడం ప్రాణాంతకమైన పని. గ్యాసు అలారాన్ని నేలకు దగ్గరగా బిగించండి.

కార్బన్ మోనాక్సైడ్‌కు వేరే అలారం కావాలి. పొయ్యి గానీ హీటర్ గానీ సరిగా మండకపోతే పుట్టే ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తుగా ఉండటం దాని గుర్తులు. మన వయసులో ఇవన్నీ ప్రయాణపు బడలిక అనుకుని పడుకోవడానికి అనువైన లక్షణాలే. ఇద్దరికీ ఒకేసారి తలనొప్పి వస్తే ఆలోచించకుండా బయటికి నడవండి, ఆ తర్వాతే కారణం వెతకండి. గది వెచ్చబరచడానికి వంటపొయ్యి వెలిగించకండి. ఆరిపోతున్న బొగ్గుల కుంపటిని కూడా లోపలికి తేవద్దు.

వండేటప్పుడు పైకప్పు కిటికీ తెరిచి ఉంచండి. నిప్పు ఆర్పే దుప్పటిని పొయ్యికి మరీ పైన కాకుండా, తలుపు దగ్గర చేతికందేచోట వేలాడదీయండి. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. పొయ్యి ఆపి, దుప్పటి గానీ మూత గానీ కప్పి, చల్లారేవరకు తీయకుండా ఉంచండి. బయలుదేరే ముందు సిలిండర్ వాల్వు మూయండి.

బయలుదేరే వేళ అలమర గడియలు, ఫ్రిజ్ తలుపు, కిటికీలు, మెట్టు, వాల్వు ఒకరు చదువుతుంటే ఒకరు చేతితో తాకి చూడాలి. రెండు నిమిషాల పని. పెద్ద గిన్నె కారిడార్‌లో దొర్లుతుంటే వాహనం నడిపే వ్యక్తి వెనక్కి తిరిగి చూస్తారు. ప్రమాదాలు అలాంటి క్షణంలోనే జరుగుతాయి.

నీళ్లు, కరెంటు

ఇద్దరికి వంట, తాగునీరు, గిన్నెలు, ముఖం కడుక్కోవడం కలిపి రోజుకు ఇరవై, ముప్పై లీటర్లతో గడుపుకోవచ్చు. స్నానం లెక్క వేరు. గిన్నెలు కడిగే ముందు కాగితంతో గానీ రొట్టె ముక్కతో గానీ శుభ్రంగా తుడిచేస్తే నీళ్లు సగం మిగులుతాయి, వాడిన నీటి ట్యాంకు కంపుకొట్టదు. వాడిన నీటిని నేల మీద వదలకండి. విడిదిలో, అంటే ఇలాంటి వాహనాలు రాత్రికి ఆగే చోట, దానికోసం కేటాయించిన గుంటలోనే పోయండి. మరుగుదొడ్డి కింద వ్యర్థాలు చేరే పెట్టె చాలా వాహనాల్లో ఇరవై లీటర్ల లోపే పడుతుంది. ఇద్దరికీ రెండు మూడు రోజుల్లో నిండుతుంది. నిండేవరకు ఆగితే అది మోయలేనంత బరువవుతుంది. సగం కాగానే ఖాళీ చేయండి.

కరెంటు లెక్క ఇది. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 1,200 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. అది లెడ్ యాసిడ్ రకమైతే సగానికి మించి వాడకూడదు, వాడితే త్వరగా చెడిపోతుంది. చేతికి వచ్చేది 600. కరెంటు కెటిల్‌తో లీటరు నీళ్లు మరగడానికే సుమారు 100 అవుతుంది. టీ, కాఫీలన్నీ గ్యాసు మీదే పెట్టుకోండి. లిథియం బ్యాటరీలో ఎక్కువ భాగం వాడుకోవచ్చు గానీ, సున్నా డిగ్రీల కంటే చల్లబడినప్పుడు దాన్ని ఛార్జ్ చేయకూడదు.

ఫ్రిజ్ గ్యాసుతో నడిచే రకమైతే వాహనం మట్టంగా నిలబడితేనే సరిగా చల్లబడుతుంది. ఒక చిన్న రసమట్టం కొని వంటగట్టు మీద పెట్టుకోండి. బుడగ మధ్యకు వచ్చేవరకు చక్రాల కింద వాలు దిమ్మెలు సర్దండి. బాణలిలో నూనె ఒక పక్కకు చేరకుండా, రాత్రి తల కిందికి వాలకుండా ఉండటానికీ ఇదే పనికొస్తుంది. ఫ్రిజ్‌లో ఒక థర్మామీటర్ ఉంచి 5 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. అందులో కూరగాయల పక్కనే మీ మందులు కూడా ఉండవచ్చు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఐసు పట్టే వెనక గోడకు దాన్ని ఆనించకండి.

మీ ఇద్దరి బల్ల

రెండో నెలలో మాకు ఒక వారమంతా వాన పట్టుకుంది. మొదటి మూడు రోజులు ఓపిక పట్టాం. నాలుగో రోజు నుంచి ఒకరు పొద్దున్నే తినేసి పడుకోవడం, ఇంకొకరు మధ్యాహ్నం నిలబడే ఏదో నోట్లో వేసుకోవడం మొదలైంది. పోట్లాట లేదు. మాటలు తగ్గాయి, అంతే. ఆరడుగుల దూరంలో ఉన్న మనిషి ఏం తిన్నారో తెలియని స్థితికి వచ్చాం. ఆ వారం తర్వాత పెట్టుకున్న నియమాలు చివరిదాకా నిలిచాయి.

రోజుకు ఒక్క పూట, అది ఏ పూటైనా సరే, ఇద్దరూ కూర్చునే తినాలి. బల్ల మీద ఫోను, పటం ఉండకూడదు. రేపటి దారి గురించి ఆ బల్ల దగ్గర మాట్లాడకూడదు.

ఒక రోజు ఒకరు, మరుసటి రోజు మరొకరు వండాలి. వంట ఇప్పటిదాకా ఒకరి పనిగానే సాగి ఉంటే, రెండోవారు బయలుదేరడానికి మూడు నెలల ముందే నేర్చుకోవడం మొదలుపెట్టాలి. నాలుగు వంటలు వస్తే చాలు. అన్నం లాంటిది ఒకటి, పప్పు లాంటిది ఒకటి, కూరగాయలన్నీ వేసి ఉడికించేది ఒకటి, ఒంట్లో బాగోనప్పుడు తాగే జావ ఒకటి. ఆ చివరిది అన్నింటికంటే ముందు నేర్చుకోండి. నలభై ఏళ్లు వండిపెట్టిన మనిషి జ్వరంతో పడుకున్న రోజున వేడిగా ఒక గిన్నె చేతికి ఇవ్వగలగడం ఎంత పెద్ద విషయమో నేను చూశాను. ఒకరు వండుతున్నప్పుడు రెండోవారు సలహాలు ఇవ్వకూడదు, బయట నడిచి రావాలి. చిన్న ఇంట్లో పరస్పరం ఇచ్చుకోగలిగిన గొప్ప కానుక ఒంటరిగా ఒక గంట. దాన్ని వంట వేళతో ముడిపెడితే ఎవరూ అడగాల్సిన అవసరం ఉండదు.

పక్క వాహనం వాళ్లను భోజనానికి పిలవడం

దారిలో కలిసినవాళ్లతో పంచుకున్న భోజనాలే మాకు ఆ ఏడాదిలో బాగా మిగిలినవి. అవి వాటంతటవే జరగలేదు. ఎవరో ఒకరు ముందుగా నోరు తెరవాలి. ఆ ఒకరు మీరే కావాలి.

విడిదికి చేరిన సాయంత్రమే పిలవకండి. అందరూ అలసిపోయి ఉంటారు. మరుసటి రోజు పొద్దున్న నీళ్ల కుళాయి దగ్గర పలకరించండి. మధ్యాహ్నానికి పిలుపు చెప్పండి. ఆ పిలుపులో మొదలయ్యే వేళతో పాటు ముగిసే వేళ కూడా ఉండాలి: "ఆరున్నరకు రండి, ఎనిమిదిన్నరకల్లా ముగించేద్దాం." రాకపోకల వేళ తెలిస్తే మొహమాటపడేవాళ్లు కూడా ధైర్యంగా వస్తారు. రాలేమంటే మళ్లీ అడగకండి. కొందరు ఏకాంతం కోసమే ఇల్లు వదిలి వచ్చి ఉంటారు. ఒంటరిగా ప్రయాణం చేస్తున్నవారు కనిపిస్తే మాత్రం వారినే ముందు పిలవండి. జీవిత భాగస్వామిని పోగొట్టుకుని, ఇద్దరూ కలిసి వేసుకున్న ప్రయాణాన్ని ఒక్కరే పూర్తి చేస్తున్నవారు మాకు తారసపడ్డారు. అలాంటి వారితో కూర్చున్నప్పుడు ప్రశ్నలు తక్కువ వేయండి, వడ్డన నిదానంగా చేయండి.

ఆరుగురికి మించకండి. ఆరుగురిదాకా మాట ఒకటే ఉంటుంది, ఏడో మనిషి రాగానే రెండు ముక్కలవుతుంది. కుర్చీలు ఎవరివి వాళ్లు తెచ్చుకోమని సంకోచం లేకుండా చెప్పండి. మోటార్‌హోమ్‌లలో తిరిగేవాళ్లకు అది కొత్త కాదు.

ఏమి తినరని పిలిచేటప్పుడే అడగండి. పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, నువ్వులు, గోధుమ, సోయా పడనివాళ్లు ఉంటారు. కొందరికి ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం. చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవాళ్లు మీ తోటివారిలో తప్పక ఉంటారు కాబట్టి ఉప్పు తగ్గించి వండి, బల్ల మీద విడిగా పెట్టండి.

వంట ఒకే గిన్నెలో అయ్యేదిగా చూసుకోండి. రెండు పొయ్యిల వంటింట్లో ఆరుగురికి నాలుగు రకాలు చేయబోతే వండేవారు సాయంత్రమంతా లోపలే ఉండిపోతారు. కూరగాయలు, పప్పు, ధాన్యం కలిపి కుక్కర్‌లో పెట్టేస్తే అరగంటలో మీరూ బయట కుర్చీలో కూర్చోవచ్చు. రెండోది వచ్చినవాళ్లు తెస్తారు. "మేమేమి తేవాలి?" అని అడిగితే "ఏమీ వద్దు" అనకండి. పండ్లో, రొట్టెలో, చివర్లో తినే తీపో ఏదో ఒకటి చెప్పండి. తమ చేతిది ఒకటి బల్ల మీద ఉంటేనే మనుషులు మీ బల్లను తమదనుకుంటారు.

వండినది రెండు గంటల్లో తినేయాలి, లేదా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి. మిగిలిన అన్నాన్ని రాత్రంతా గిన్నెలో వదిలేసి పొద్దున్న వేడి చేస్తే సరిపోదు, అన్నంలో పెరిగే ఒక రకం క్రిమి వదిలిన విషం వేడికి కూడా పోదు. పెద్ద వయసులో వాంతులు, విరేచనాలు ఒక్క రోజులో మనిషిని కూలదోస్తాయి. మిగిలితే వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, అతిథులకే ఇచ్చి పంపండి.

వెళ్లే వేళ వాళ్లు గిన్నెలు కడుగుతామంటే కడగనివ్వండి. తొట్టి దగ్గర ఇద్దరు కొత్తవాళ్లు పక్కపక్కన నిలబడి మాట్లాడుకునే మాటలు బల్ల దగ్గర దొరకవు.

దారి వేగం, మందులు, ఇల్లు

ఒక చోట కనీసం మూడు రాత్రులు ఉండండి. పైన చెప్పినవేవీ ఒక్క రాత్రి మజిలీలో జరగవు. నడిపే రోజున రెండు గంటలకోసారి ఆగి నడవండి. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు వయసుతో పాటు పెరుగుతుంది. చీకటి పడేలోపు చేరండి.

మందుల చీటీలో వ్యాపార పేర్లతో పాటు అసలు మందు పేరు కూడా రాయించుకోండి. ఊరు మారితే వ్యాపార పేర్లు మారిపోతాయి. నెలకు సరిపడా మందులు ఎప్పుడూ అదనంగా ఉండాలి. ఒకరి మందులు, వేళలు రెండోవారికి నోటికి రావాలి. బీమా పత్రాలు, దగ్గరివారి నంబర్లు తలుపు దగ్గర ఒక సంచిలో ఉంచండి. ఇంటికి ఉత్తరాలు వస్తే చూసేవారిని, బిల్లులు కట్టే ఏర్పాటును ముందే కుదుర్చుకోండి. ఏడాది ఖర్చులో కొంత భాగం విడిగా ఉంచి, ఏ రోజైనా అన్నీ వదిలి ఇంటికి తిరిగి రావడానికి మాత్రమే వాడండి.

తిరుగు ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి కొత్త సరుకు కొనడం ఆపి, డబ్బాల్లో ఉన్నదే వండుకోండి. చివరి విడిదిలో నీళ్ల ట్యాంకులు ఖాళీ చేసి, వాల్వు మూసి, ఫ్రిజ్ తలుపు గాలి తగిలేలా తెరిచి ఉంచండి. మూత తీయని పప్పు, పిండి మిగిలితే పక్కన నిలిచిన వాహనం తలుపు తట్టండి. వాళ్లు అప్పుడే ప్రయాణం మొదలుపెట్టినవాళ్లయితే వాలు దిమ్మెలు, అదనపు కుక్కర్ రబ్బరు, ఆ నాలుగు కంచాలు కూడా ఇచ్చేయండి.